బడి మంచిచెడ్డలను ఎంచు విధము

(సంఘ సభ్యుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన ముదగల్ కోటను చూడవచ్చు పొరుగూరివారు బయటి గోడను, అగడ్తను చూచి మెచ్చుకొని పోవుదురు. ఆ గోడల నీడన బ్రదుకుచున్న మనకు వేరొక సంగతి తెలియును. కృష్ణా తుంగభద్రల నడిమి ఈ అంతర్వేదికై బహమనీ సుల్తానులును విజయనగర ప్రభువులును తరతరములు పోరాడిన కాలమున కోటను నిలిపినది గోడ యొక్కటియే కాదు. లోపలనున్న నీరు, ధాన్యము, మనుష్యులు. బడి విషయమును ఇట్టిదే యని మా యభిప్రాయము. బయటి గోడను చూచి బడిని మెచ్చుకొనుటయు, తెగడుటయు రెండును తొందరపాటులే.

నేడు మేము మనవి చేయదలచినది సర్కారు ప్రాథమిక పాఠశాలను గూర్చి. ఏటేట వేసవి సెలవులు ముగియు దినములలో మన యిండ్లన్నిట ఒకే చర్చ జరుగుచుండును: బిడ్డను ఏ బడిలో వేయవలెను? సర్కారు బడి మంచిది కాదని ఒకరందురు. ఎందుచేత కాదని అడిగినచో, "అందరును అనుచున్నారు గదా" యని బదులు చెప్పుదురు. అందరును అనుట కొలత కాదు. బట్టకు గజము, బియ్యమునకు మానిక ఉన్నట్లు బడికిని ఒక కొలత ఉండవలెను. అది యేదియో కలసి ఆలోచింపవలెనని మా కోరిక.

ముందుగా మా యింటి సంగతి చెప్పుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట మా మనుమనిని సర్కారు బడి మాన్పించి ఒక ప్రైవేటు పాఠశాలలో చేర్పించితిమి. అడిగినవారికి "అక్కడ చదువు బాగు" అని చెప్పితిమి. నిజము చెప్పవలెనన్న, ఆ సర్కారు బడి గడప మేము ఒక్కనాడును దాటలేదు. పెచ్చులూడిన గోడను వీథినుండి చూచితిమి. రెండవ బడివారి టైలు, బూట్లు, పసుపుపచ్చని బస్సు చూచితిమి. దూరపు కొండలు నునుపు. రెండేండ్లు గడచిన పిదప గుంటూరునుండి మా అక్కగారు వ్రాసిన ఉత్తరమును వాని చేతికిచ్చి చదువుమంటిమి. ఒక్క అక్షరమును రాలేదు. పోనిమ్మని కన్నడ వార్తాపత్రిక నిచ్చితిమి. రెండు మాటలు కూడబలుకుకొని ఆగిపోయెను. తుదకు వాని ఆంగ్ల వాచకమునే తెరచితిమి. నేర్చిన పాఠమును గడగడ అప్పగించెను; నేర్వని పుట తెరవగానే నోరు మెదపలేదు.

వాడు తెలివితక్కువవాడు కాడు. కొలువ నేర్వని వారము మేము. సర్కారు బడిలోనే ఉంచిన మేలయి యుండెడిదా యని మమ్ము అడిగినచో ఇప్పుడును చెప్పజాలము. ఏలయన ఆ బడిని మేము చూడనే లేదు. మీలో పలువురి యిండ్ల కథయు ఇదియే కావచ్చునను భయముచేతనే నేడు మాటలాడుచున్నాము.

మన కుటుంబములకు బడిభాష వేరు, ఇంటిభాష వేరు అగుట క్రొత్త కాదు. నైజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. 1956 నవంబరు 1న రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రమునుండి విడివడి మైసూరు రాష్ట్రమున చేరినది. గద్వాల, ఆలంపురము తాలూకాలు మాత్రము ఆంధ్రప్రదేశమునకు పోయినవి. అవి నేడు తెలంగాణమున నున్నవి. 1973లో మైసూరు రాష్ట్రమునకు కర్ణాటకమను పేరు వచ్చినది. మన బిడ్డలకు బడిలో కన్నడము, ఇంటిలో తెలుగు. ప్రక్క బల్లపై కూర్చుండు బిడ్డకు ఇంటిలో ఉర్దూ, తండానుండి వచ్చు బిడ్డకు లంబాడీ. ఇట్టి గదిలో చదువు చెప్పుట సామాన్యమైన పని కాదు.

అల్పసంఖ్యాక భాషలవారి బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు చదువు చెప్పు వసతి కల్పింప యత్నింపవలెనని రాజ్యాంగములోని 350-ఏ అధికరణము రాష్ట్రములను ఆదేశించుచున్నది. ఇది 1956లో ఏడవ సవరణచే చేరినది. అంతకు పూర్వమే 1949లో విద్యామంత్రుల సమావేశము ఒక లెక్క నిర్ణయించినది: పాఠశాల మొత్తముమీద 40 మందియో, ఒక తరగతిలో 10 మందియో ఆ భాషవారున్నచో ఉపాధ్యాయుని నియమింపవలెను. ఆలోచించి చూడుడు. మన పది యిండ్ల బిడ్డలను పది బడులకు పంపినచో ఏ తరగతిలోనైనను పదిమంది యెట్లు కూడుదురు? వసతి లేదని మనము వగచుచున్నాము. వసతి నడుగుటకు వలసిన సంఖ్యను మనమే చెదరగొట్టుచున్నాము. 2014 మే 6న సుప్రీం కోర్టు, బోధనాభాషను ఎంచుకొను స్వేచ్ఛ తలిదండ్రులదనియు, ప్రభుత్వము నిర్బంధింపరాదనియు కర్ణాటకమునకు సంబంధించిన వ్యాజ్యముననే తీర్పు చెప్పినది. ఎంచుకొను స్వేచ్ఛ మనకున్నది. ఎంచుటకు కొలతయే కావలెను.

ఇక కొలత మాట. 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము కొన్ని కనీస నియమములను విధించినది. ప్రాథమిక తరగతులలో 30 మంది బిడ్డలకు ఒక ఉపాధ్యాయుడు. 60 మంది లోపున్న చిన్న బడికైనను ఇద్దరు. సంవత్సరమునకు 200 పనిదినములు, 800 గంటల బోధన. త్రాగునీరు, బాలురకును బాలికలకును వేరువేరు మరుగుదొడ్లు, ఆటస్థలము, గ్రంథాలయము. ఇవి అవసరములే. కాని ఇవి విత్తనమునకు ముందు దున్నిన దుక్కి వంటివి. దుక్కిని చూచి పంటను లెక్కగట్టము. కావున బడిలోనికి పోయి ఐదు సంగతులు చూడవలెనని మేము మనవి చేయుచున్నాము.

మొదటిది, బిడ్డ చదువగలుగుట. 2005 నుండి 'అసర్' అను సర్వేవారు పల్లెలలో ఇంటింటికి పోయి చేయు పరీక్ష ఒక కాగితముతో ముగియును. అందులో అక్షరములు, చిన్న మాటలు, మొదటి తరగతి స్థాయి వాక్యములు, రెండవ తరగతి స్థాయి చిన్న కథ ఉండును. లెక్కలలో అంకెలు గుర్తించుట, తీసివేత, భాగహారము. దేశము మొత్తముమీద పల్లెలలోని ఐదవ తరగతి బిడ్డలలో సుమారు సగముమందియే ఆ రెండవ తరగతి కథను చదువగలుగుచున్నారని ఆ సర్వేలు పలుమారులు తెలిపినవి. ప్రైవేటు బడులలో సంఖ్య కొంత మెరుగైనను, అచటను చదువలేనివారు చాలమంది కలరు. ఈ పరీక్ష మనమును చేయవచ్చును. పాఠ్యపుస్తకములో లేని నాలుగు వాక్యములు వ్రాసి చదివింపుడు. చదివినదాని భావమును ఇంటిభాషలో చెప్పుమనుడు. చెప్పగలిగినచో చదువు లోపలికి దిగినదని తెలియును.

రెండవది, హాజరు. రిజిస్టరులోని పేర్లు కాదు, గదిలోని తలలు లెక్కింపుడు. అదియు బడి తెరచిన మొదటి వారమున కాదు. పత్తి ఏరు దినములలో పోయి చూడుడు. పనులు వెదకుకొనుచు బెంగుళూరు మొదలగు నగరములకు వలసపోవు కుటుంబములు మన జిల్లాలో తక్కువ కాదు. తలిదండ్రులతో పోయి తిరిగివచ్చిన బిడ్డకు తప్పిన పాఠములు చెప్పు ఏర్పాటు కలదా? ఈ యొక్క ప్రశ్నకు వచ్చు సమాధానముచేత బడి స్వభావము సగము తెలియును.

మూడవది, ఉపాధ్యాయుని కాలము. ఐదు తరగతులకు ఇద్దరే యున్నచోట ఒకరు పాఠము చెప్పుచుండగా తక్కిన తరగతులు ఏమి చేయుచున్నవి? జనాభా లెక్కలు, ఎన్నికలు మొదలగు పనులకు ఎన్ని దినములు పోయినవి? అట్లు పోయిన దినములకు ఉపాధ్యాయుని నిందించుట తగదు. ఎన్ని పోయినవో మనము తెలిసియుండుట తగును.

నాలుగవది, శరీరపోషణము. బడులలో వండిన భోజనము పెట్టవలెనని 2001లో సుప్రీం కోర్టు ఆదేశించిన పిదప, 2002లో అక్షర దాసోహమను పథకము మన రాయచూరుతో కూడిన ఉత్తరపు జిల్లాలలోనే మొదట ప్రారంభమైనది. అన్నము వేళకు వచ్చుచున్నదా, అందరును ఒకే పంక్తిని కూర్చుండి తినుచున్నారా చూడుడు. మరుగుదొడ్డి యున్నదా యని మాత్రమే అడుగకుడు. దానిలో నీరున్నదా, తాళము ఎవరియొద్ద నున్నదని అడుగుడు. పెద్దదగుచున్న ఆడపిల్ల బడి మానుటకు ఆ తాళము చాలును.

ఐదవది మనకు మిక్కిలి ముఖ్యము. ఇంటిలో కన్నడము లేని బిడ్డ మొదటి తరగతిలో కొన్ని నెలలు మౌనముగా కూర్చుండును. ఆ మౌనమును ఉపాధ్యాయుడు ఏమని యెంచుచున్నాడు? మందబుద్ధి యని వెనుక బల్లకు పంపుచున్నాడా, లేక బిడ్డ భాషలో ఒకటి రెండు మాటలు నేర్చుకొని పలుకరించుచున్నాడా? మంచి బడిలో వెనుక బల్లపైని బిడ్డయు ఏడాది తిరుగునప్పటికి నోరు విప్పి మాటలాడును.

ఇచట ఒక న్యాయము పాటింపవలెను. సింధనూరు వైపు తుంగభద్ర కాలువ క్రింది వరిమడిని, మన మెట్టచేనును ఒకే కాటాలో తూచి, మెట్టరైతు చేతగానివాడని యెవరును అనరు. 2011 జనాభా లెక్కలలో కర్ణాటకమున నూటికి సుమారు 75 మంది అక్షరాస్యులు కాగా, రాయచూరు జిల్లాలో సుమారు 60 మంది. ఇంటిలో పుస్తకము చూడని బిడ్డను చేర్చుకొని మూడేండ్లలో కథ చదివించిన బడి గొప్పదా? ట్యూషను పెట్టించుకొని వచ్చు బిడ్డలను చేర్చుకొని మంచి మార్కులు చూపిన బడి గొప్పదా? బిడ్డ చేరిననాడు ఎచట నుండెను, నేడు ఎచట నున్నాడు, ఈ రెంటి నడుమనున్న దూరమే బడి చేసిన పని. మార్కుల పట్టిక ఆ దూరమును చూపదు.

సర్కారు బడులలో మంచి ప్రయత్నము జరుగదనుటయు సత్యము కాదు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట తాలూకా ఉపాధ్యాయులు మదనపల్లె సమీపముననున్న ఋషివ్యాలీ వారి పల్లెబడులను చూచి వచ్చి, 'నలి కలి' యను పద్ధతి నారంభించిరి. ఆనందించుచు నేర్చుకొనుమని ఆ కన్నడపు మాటల భావము. బిడ్డలు చిన్న గుంపులుగా కూర్చుండి, కార్డుల సాయమున ఎవరి వేగమున వారు మెట్టు తరువాత మెట్టు ఎక్కుదురు. బడికి రాలేకపోయిన బిడ్డ తాను విడిచిన మెట్టునుండియే మరల సాగును. 2009-10లో ఇది కర్ణాటకమందలి కన్నడ మాధ్యమపు సర్కారు బడులకు విస్తరింపబడినది. తెలుగునేలనుండి కన్నడనేలకు వచ్చిన ఈ విత్తనమును మన వీథిబడిలో మొలిపించుచున్నారా, బీరువాలో దాచియుంచినారా? పోయి చూచిన తెలియును.

కన్నడపు బడి తెలుగునకు శత్రువని భావించుటయు పొరపాటే. రెండు లిపులును ఒకే ప్రాచీన లిపినుండి విడివడిన అక్కచెల్లెండ్రు. కన్నడాక్షరములు చక్కగా వచ్చిన బిడ్డకు తెలుగు అక్షరములు నేర్పుట సాయంకాలపు అరగంట పని. ఆ అరగంట బడి బాధ్యత కాదు, మన బాధ్యత.

మరియొక మాట. పాఠశాల నిర్వహణ సమితిలో నాలుగింట మూడు వంతులు బిడ్డల తలిదండ్రులే యుండవలెననియు, సభ్యులలో సగముమంది స్త్రీలుండవలెననియు చట్టము చెప్పుచున్నది. మన రాష్ట్రమున దీనినే ఎస్.డి.ఎం.సి. అందురు. బిడ్డలను సర్కారు బడికి పంపుచున్న మన సభ్యులారా, మీలో ఎవరైనను ఆ సమితిలో కూర్చుండినారా? ఆ సమావేశముల పుస్తకమును ఒక్కసారియైనను అడిగి చూచినారా? సమితిలో మన గొంతు లేనంతవరకు, బడి మన మాట వినలేదని అనుటకు మనకు హక్కు లేదు.

కావున మా ప్రార్థనలు మూడు. వచ్చు నెలలోగా ప్రతి కుటుంబమునుండి ఒకరు, అందునను తల్లులు, ప్రధానోపాధ్యాయుని అనుమతితో బడిలోనికి పోయి ఒక పూట కూర్చుండి రావలెను. తనిఖీకి వచ్చినట్లు కాక చుట్టరికమునకు వచ్చినట్లు పోవలెను. రెండవది, మన బిడ్డలు ఏ బడిలో, ఏ తరగతిలో ఎందరున్నారో సంఘమువారు పట్టిక వ్రాయవలెను. పదిమంది కూడినచోట తెలుగు కొరకు అర్జీ పెట్టవలెను. మూడవది, చూచిన లోపములను వీథి అరుగుపై కాక, సమితికిని బ్లాకు విద్యాధికారికిని వ్రాతమూలకముగా తెలుపవలెను. చూచిన మంచిని గూడ అట్లే తెలుపవలెను. ఇట్లు కొలిచిన పిదప బిడ్డను సర్కారు బడిలో వేసినను, ప్రైవేటు బడిలో వేసినను అది మన యెంపిక యగును. కొలువక వేసినచో అది లోకులు చేసిన యెంపిక.

మా మనుమడు ఇప్పుడు ప్రతి సాయంకాలమును గుంటూరు ఉత్తరములు ముందు వేసికొని మాతో కూర్చుండుచున్నాడు. మొన్న నాలుగు పంక్తులు చదివి, ఐదవ పంక్తిలోని ఒత్తక్షరము వద్ద ఆగి, ఇది కన్నడములోని ఒత్తువలెనే యున్నది గదా యని అడిగెను. అవునంటిమి. తక్కిన పంక్తులు తానే చదివెను.