లిబ్బీ గాజు గ్లాసుల కథ

అమెరికాలో హోటళ్లకూ ఇళ్లకూ గాజు గ్లాసులు అందించే పేరున్న కంపెనీల్లో లిబ్బీ ఒకటి. దాని మూలాలు 1818లో మసాచుసెట్స్ రాష్ట్రం, ఈస్ట్ కేంబ్రిడ్జ్‌లో పుట్టిన న్యూ ఇంగ్లండ్ గ్లాస్ కంపెనీలో ఉన్నాయి. 1878లో విలియం లిబ్బీ ఆ కర్మాగారాన్ని లీజుకు తీసుకున్నారు. ఆయన తర్వాత కొడుకు ఎడ్వర్డ్ డ్రమండ్ లిబ్బీ పగ్గాలు పట్టారు.

తూర్పు తీరంలో ఇంధనం ఖరీదైంది. పైగా కార్మికుల సమ్మె. దాంతో 1888లో ఎడ్వర్డ్ కంపెనీని ఒహాయో రాష్ట్రంలోని టొలెడోకు తరలించారు. అక్కడ కొలిమికి చవకగా సహజవాయువు దొరికేది, మేలురకం ఇసుకా అందుబాటులో ఉండేది. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఏకంగా ఒక గాజు కర్మాగారాన్నే కట్టి, జనం కళ్లెదుట నడిపించారు.

ఈ కథలో మరువరాని మనిషి లిబ్బీ కర్మాగారంలో పనిచేసిన మైఖేల్ ఓవెన్స్. బొగ్గుగని కార్మికుడి కొడుకు, చిన్నతనంలోనే గాజు కొలిమి దగ్గర పనికి కుదిరినవాడు. సీసాలను తనంతట తానే తయారుచేసే యంత్రాన్ని ఆయన రూపొందించారు. లిబ్బీ అండతో 1903లో దానికోసం కొత్త కంపెనీయే వెలిసింది. కర్మాగారాల్లో బాలల చాకిరీ తగ్గడానికి ఆ యంత్రం ఎంతో తోడ్పడింది.

1935లో లిబ్బీ కంపెనీ ఓవెన్స్-ఇల్లినాయ్ అనే గాజు కంపెనీ చేతికి వెళ్లింది. 1993లో మళ్లీ స్వతంత్రమైంది. 2020లో దివాలా రక్షణ కోరి, అదే ఏడాది బయటపడింది. పనితనం ఉన్న కార్మికుణ్ణి యజమాని నమ్మితే పరిశ్రమ ఎంత ఎదుగుతుందో చెప్పే చరిత్ర ఇది.