మన మండలంలోని బడులు: పోల్చి చూచే పద్ధతి
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



విద్య గొప్పతనాన్ని గురించి మేము ఇక్కడ చెప్పబోవడం లేదు. అది తెలియనివారు ఈ సభలో లేరు. ప్రతి ఏటా వేసవి సెలవుల్లో మా ఉపాధ్యాయుల ఇళ్ళకు తల్లిదండ్రులు వచ్చి అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, పిల్లను ఏ బడిలో వేయమంటారు?" దానికి జవాబు ఎట్లా వెతకాలో మనవి చేస్తాము.

పల్లె మండలంలో సర్కారు బడి అంటే ఒకే రకం కాదు. 1 నుండి 5 వరకు ప్రాథమిక పాఠశాల, 6 నుండి 10 వరకు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, నడుమ ప్రాథమికోన్నత పాఠశాలలు, కొన్నిచోట్ల ఉర్దూ మీడియం, ఆడపిల్లలకు 2004లో వచ్చిన పథకం కింద కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు. గోడల రంగు, గేటు చూచి వీటిని పోల్చలేము.

మొదట ఉపాధ్యాయుల లెక్క చూడండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు, ఆపైన కనీసం ఐదుగురు ఉండవలెను. ఒక బడిలో 24 మంది పిల్లలకు ఇద్దరు టీచర్లున్నారనుకోండి. తలకు 12 మంది. ఇంకో బడిలో 140 మందికి ఐదుగురు. తలకు 28 మంది. కాగితం మీద మొదటి బడే మేలు. కాని తరగతులు రెండుచోట్లా ఐదే గదా! మొదటి బడిలో ఒక్కొక్క టీచరు రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పాలి. ఒకరు సెలవు పెట్టినా, ట్రైనింగుకు పోయినా ఐదు తరగతులూ ఒక్కరి నెత్తిన పడతాయి. కనుక సగటు కాదు, తరగతికి ఒక మనిషి ఉన్నారా అని అడగాలి. ఉన్నత పాఠశాలలోనైతే లెక్కలకు, సైన్సుకు, ఇంగ్లీషుకు విడివిడిగా ఉన్నారా అని అడగాలి.

రెండవది పది ఫలితాలు. "ఆ బడిలో నూటికి నూరు" అని మురిసిపోతాం. ఐదుగురు రాసి ఐదుగురూ ప్యాసైతే నూటికి నూరే. వారిలో ఒక్కరు తప్పితే ఎనభైకి పడిపోతుంది. అంతకన్నా ముఖ్యం, ఆరులో చేరినవారు ఎంతమంది, పదికి వచ్చినవారు ఎంతమంది? నడుమ మానేసిన ఆడపిల్ల ఆ శాతంలో ఎక్కడా కనబడదు. మన ఇళ్ళలో చూస్తే ఆ పిల్లలే ఎక్కువ.

మూడవది చదువు వచ్చిందా లేదా అన్నది. 2024 అసర్ సర్వేలో, దేశంలోని పల్లెల సర్కారు బడుల్లో మూడవ తరగతి పిల్లల్లో రెండవ తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. ఇది మీరే ఇంట్లో చూడవచ్చు. కింది తరగతి పుస్తకంలో పిల్ల చూడని పేజీ తీసి చదవమనండి. ఒక తీసివేత లెక్క ఇవ్వండి. చదువురాని తల్లి కూడా పిల్ల తడబడుతున్నదీ లేనిదీ చెవితో కనిపెట్టగలదు.

ఇక మన ఉర్దూ బడి సంగతి. మేము ఉర్దూ ఉపాధ్యాయులం గనుక దానినే మెచ్చుకోమని అడగడం లేదు. ఇదే కొలతతో దానినీ కొలవండి. మాతృభాషలో ప్రాథమిక విద్యకు ఏర్పాటు చేయాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం చెబుతున్నది. అయినా రోస్టరులో కొన్ని వర్గాలకు కేటాయించిన ఉర్దూ పోస్టులు అభ్యర్థులు దొరక్క ఖాళీగా మిగిలిపోతుంటాయి. టీచరు లేడని మనం పిల్లలను తీస్తాం. పిల్లలు లేరని పోస్టు తీస్తారు. ఈ గిరగిరలో చివరికి బడే పోతుంది. పోస్టు ఖాళీ అయిన ఏడాదే అర్జీ పెట్టాలి గాని, బడికి తాళం పడినాక సభ పెట్టి లాభమేమిటి?

బడి మంచిదే కావచ్చు, అయిదు పాసైన పిల్ల ఆరుకు ఎక్కడికి పోతుంది? దగ్గరి ఉన్నత పాఠశాలలో ఉర్దూ మీడియం లేకపోతే ఒక్కసారిగా మాధ్యమం మారాలి. అందుచేత మూడవ తరగతి నుండే తెలుగు, ఇంగ్లీషు గట్టిగా వస్తున్నాయా అని చూడండి. బస్సు ఏ వేళకు, తోడు ఎవరు, మరుగుదొడ్డిలో నీళ్ళున్నాయా అన్నవి చిన్న విషయాలు కావు. వీటివల్లనే మన ఆడపిల్లలు ఇంట్లో కూర్చుంటున్నారు.

చివరిగా ఒక మనవి. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. ఆ కుర్చీలు మనవే. ఖాళీగా ఉంచి ఎవరిని నిందిస్తాం? జూన్‌లో బడులు తెరవకముందే మన సంఘంవారు బడికి ఇద్దరు చొప్పున బయలుదేరి, తరగతికి టీచరున్నారా, ఆరులో ఎందరు పదికి ఎందరు, పిల్లలు చదవగలుగుతున్నారా, ఖాళీ పోస్టులెన్ని, ఆడపిల్లలకు దారి ఏమిటి అనే ఐదు ప్రశ్నలకు జవాబులు రాసుకొని రావాలని కోరుతున్నాము. ఆ కాగితం సంఘం ఆఫీసు గోడకు అంటిస్తే, వచ్చే ఏడు "సార్, ఏ బడి?" అని అడిగేవారికి జవాబు అక్కడే దొరుకుతుంది.