ముందు సూది, తర్వాతే సుద్దులు

  పట్టాలందుకుంటున్న యువ డాక్టర్లారా, నేను చేసిన ఒక తప్పు ఈ రోజు మీతో చెప్పుకోవాలనుంది.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజులవి. రాత్రి డ్యూటీలో, షుగర్‌కు గ్లిబెన్‌క్లమైడ్ వాడుతున్న బాగా లావుపాటి ఆవిడ, "బాబూ, ఆకలేస్తోంది, ఏదైనా పెట్టించు" అంది. "ఇందాకేగా తిన్నావు, ముందు ఒళ్లు తగ్గించుకో అమ్మా" అన్నాను. అరగంటకు నర్సమ్మ పరుగున వచ్చింది. వెళ్లి చూస్తే జాకెట్టు చెమటకు తడిసిపోయింది. వేళ్లు వణుకుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. గ్లూకోమీటర్‌లో షుగర్ 41 మి.గ్రా/డెసిలీటర్. డెక్స్‌ట్రోజ్ ఎక్కించాక కళ్లు తెరిచి, "చెప్పాను కదా బాబూ" అంది.

మెదడుకు రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ కావాలి. అందుకే షుగర్ తగ్గుతుంటే శరీరం ఊరుకోదు. ముందు క్లోమం ఇన్సులిన్‌ను తగ్గిస్తుంది. 70 దగ్గరికి జారేసరికి గ్లూకగాన్, అడ్రినలిన్ కలిసి కాలేయంలోని నిల్వను కరిగిస్తాయి. ఇంకా పడితే దడ, వణుకు, చెమట, ఆకలి. 54 దిగితే మెదడే తడబడుతుంది. గ్లిబెన్‌క్లమైడ్ ఇన్సులిన్‌ను ఆగనివ్వదు; అంటే ఆ మొదటి మెట్టునే లాగేస్తుంది. స్థూలకాయుల్లో షుగర్ పడిపోయినప్పుడు రావాల్సిన గ్రోత్ హార్మోన్ స్పందన కూడా మందగిస్తుంది. ఎక్కువగా ఉన్న ఇన్సులిన్ కొవ్వును కదలనివ్వదు. ఒంటినిండా నిల్వలున్నా, ఆ క్షణంలో మెదడు పస్తే.

2011లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరికి షుగర్‌ను 67 దగ్గరికి తగ్గించి తిండి బొమ్మలు చూపారు. కోరిక పుట్టించే మెదడు భాగాలు చురుకయ్యాయి. షుగర్ మామూలుగా ఉన్నప్పుడు సన్నవారిలో ఆ కోరికను అదుపు చేసిన మెదడు ముందుభాగం, స్థూలకాయుల్లో అలా పనిచేయలేదు. మనం తిండియావ అని తీసిపారేసే దాని వెనక ఇంత కథ ఉంది.

కాబట్టి రేపు మీ వార్డులో షుగర్ మందు వాడుతున్న లావుపాటి మనిషి ఆకలంటే, ముందు వేలికొన గుచ్చి షుగర్ చూడండి. 70 కన్నా తక్కువుండి, మింగగలిగితే 15 గ్రాములు, అంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపివ్వండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. తర్వాత మందు మోతాదు సరిచూడండి. బరువు సంగతి తెల్లారాక మాట్లాడుకోవచ్చు.

ఏ రోగికీ మీతో "చెప్పాను కదా" అనే అవసరం రాకూడదని కోరుకుంటూ, సెలవు.