నాచు మొక్క – కొండ యెలుక



ఎలుకయెడ దయ చూపుడని గ్రంథాలయమున కోరుట సాహసమే. గాదెలలోని ధాన్యమును, బీరువాలలోని పుస్తకములను కొరికి పాడుచేయునది అదియే కదా! ఇక నాచు మాట చెప్పనక్కరలేదు. నూతిగట్టున కాలు జారినప్పుడు తప్ప దానిని తలచువారు లేరు. అయినను ఈ రెండింటి బంధువర్గములందును నశించు స్థితికి వచ్చిన జాతులు గలవు.

పుణె నగర సమీపమున సింహగఢ్ దుర్గమున్నది. 1670లో తానాజీ ప్రాణములొడ్డి సాధించిన కోట యిదియే. దాని పూర్వనామము కొండాణా. ఆ కొండపై నివసించు మెత్తని రోమముల ఎలుకజాతి యొకటి 1975లో శాస్త్రలోకమునకు తెలియవచ్చినది. దానికి కొండపేరే పెట్టిరి. పొదలు నరికినను, పశువులు మితిమీరి మేసినను, సందర్శకుల రద్దీ పెరిగినను దాని నెలవు చెడును.

నాచు కథ మరింత విచిత్రము. చెరువులోని నాచు వేరు, రాతిపై పెరుగు నాచు వేరు. రెండవదానిని శాస్త్రజ్ఞులు మాస్ అందురు. తకాకియా అనునది అట్టి మాస్. జపాను శాస్త్రజ్ఞుడు తకాకి పేరిట 1958లో దానికి నామకరణము జరిగినది. అది మాస్ అవునా కాదా యను సందేహమే 1990 ప్రాంతమున, అల్యూషియన్ దీవులలో దాని సిద్ధబీజాశయములు కనబడిన పిదపగాని తీరలేదు. దాని వంశము 39 కోట్ల యేండ్లనాటిది. హిమాలయములు పుట్టకమునుపే అది యున్నది! టిబెట్టులో 4,000 మీటర్లకు పైన, నెలల తరబడి మంచుక్రింద దాగి, మంచు కరగినంతనే తీక్ష్ణమైన యెండను సహించును. ఇంతటి మొండిది నేటి వేడిమికి తాళలేక యేటేట తగ్గుచున్నదని 2023లో వెలువడిన పరిశోధన తెలిపినది.

ఎలుకకు కాళ్ళున్నవి, పొద మిగిలియున్నచో ఆ పొదకు పోగలదు. తకాకియాకు కాళ్ళు సరే, వేరువంటి పోగులైనను లేవు. దిగువ వేడెక్కినకొలది పైకి ప్రాకవలెనన్నచో శిఖరమునకు పైన నేల లేదు.

మన చట్టము సంగతియు చూడవలెను. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఎలుకలను కాకులతోపాటు హానికర జంతువుల పట్టికలో చేర్చినది. సింహగఢ్ ఎలుకకు మినహాయింపు లేదు. 2022 సవరణతోగాని ఆ పట్టిక తొలగలేదు. 1991లో మొక్కలకు రక్షణ కల్పించినప్పుడు ఎన్నుకొన్నవి ఆరు రకములు. అందు ఆర్కిడ్లున్నవి, పురుగులను పట్టు కూజామొక్క యున్నది, మాస్ మాత్రము లేదు. అందమునకో వింతకో గౌరవము దక్కినదని తోచును.

కొండపై పొదలను వదలినచో ఎలుకకు చాలవరకు మేలు. నాచుకు కంచె పనికిరాదు. వేడిమికి కంచె లేదు గదా! అందుచే టిబెట్టులో పరిశోధకులు ప్రయోగశాలలో తకాకియాను పెంచి, తిరిగి కొండలపై నాటిరి. అయిదేండ్ల తరువాత వానిలో కొన్ని బ్రతికియుండెను.