గాలి ఎటు నుంచి వస్తుంది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

తొమ్మిదో తరగతిలో సోషల్ మాస్టారు ఒక ద్వీపం గీసి, రేవు ఎక్కడ కట్టాలో గుర్తు పెట్టమన్నారు. నేను అన్నిటికంటే పెద్ద అఖాతంలో పెట్టాను. "నీళ్లు చూశావు, గాలి చూడలేదేంరా?" అన్నారు. అందరూ నవ్వారు. నేను మర్చిపోయాను.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఒక చిన్న చేపల జెట్టీకి చోటు చూడమన్నారు. లోతు కొలిచాను, మట్టి పరీక్ష చేయించాను. జెట్టీ లేచింది. ఈశాన్య గాలులు మొదలయ్యేసరికి అక్కడ ఒక్క పడవా నిలవలేదు. "మమ్మల్ని అడిగుంటే చెప్పేవాళ్లం కదా బాబూ" అన్నాడొక పెద్దాయన. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

రెండేళ్ల క్రితం గ్రీసులోని లెమ్నోస్ ద్వీపానికి వెళ్లాను. ఉత్తరం నుంచి ఒక అఖాతం, దక్షిణం నుంచి మూద్రోస్ అఖాతం లోపలికి చొచ్చుకొచ్చి ద్వీపాన్ని దాదాపు రెండు ముక్కలు చేశాయి. మధ్యలో మిగిలింది కొద్ది కిలోమీటర్ల నేల. వేసవిలో అక్కడ ఉత్తర గాలి రోజుల తరబడి వీస్తుంది. ఉత్తర అఖాతంలోకి అలలు నేరుగా వస్తాయి. మూద్రోస్‌లో అదే గాలి టోపీ ఎగరగొడుతుంది గానీ పెద్ద అల లేవదు.

ఆ ద్వీపంలో 500 మీటర్ల కొండ కూడా లేదు. మరి కాపాడేదేమిటి? అల పెరగాలంటే గాలికి నీటి మీద పరుగు దొరకాలి. అక్కడ ఉత్తర గాలి నేల దాటి వస్తుంది, పరుగు దొరకదు. అంటే నేల ఆపేది గాలిని కాదు, అలని. అయితే అఖాతం నోరు దక్షిణానికి ఉంది కాబట్టి దక్షిణపు గాలికి ఆ రక్షణ అంతగా ఉండదు.

1915లో గల్లిపోలి దాడికి బ్రిటిష్, ఫ్రెంచి నౌకలు ఇక్కడే చేరాయి. నౌకలు నిలపడానికి చోటుంది. సరుకు దింపుకోవడానికి సరైన రేవు లేదు, అంత సైన్యానికి చాలినన్ని మంచినీళ్లు లేవు. క్రమం తప్పి ఎక్కించిన సరుకును సర్దుకోవడానికి చాలా నౌకల్ని ఈజిప్టులోని అలెగ్జాండ్రియాకి పంపాల్సి వచ్చింది. తర్వాత 1918 అక్టోబరు 30న ఒట్టోమన్లతో యుద్ధవిరమణ ఒప్పందం జరిగింది కూడా ఈ అఖాతంలో ఆగిన యుద్ధనౌక మీదే.

ప్రకృతి చోటు మాత్రమే ఇస్తుంది. రేవును మనిషి కట్టుకోవాలి. కట్టే ముందు ఆ ఊరివాళ్లని అడగాలి. ఇప్పుడు ఏ పనికి వెళ్లినా ముందుగా పడవలవాళ్ల దగ్గర కూర్చుంటాను.

ముందు వరసలో కూర్చున్న మాస్టారూ, మీ ప్రశ్నకి జవాబు ఆలస్యమైంది. ఆ రోజు తీసేసిన మార్కు ఇప్పుడైనా వేయండి.

సెలవు.