గొట్టపు దినముల లెక్క
(సిరికొండలో పంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగము)



మన సిరికొండ పొలములలో ఒకనిని పాము కరచినదనుకొందము. మీలో ఎవరో ఒకరు బండి కుదిర్చి వానిని నిజామాబాదు పెద్దాసుపత్రికి చేర్చుదురు. విరుగుడు మందు పడును, రోగిని ఐ.సి.యు.లో ఉంచుదురు. మూత్రము కొలుచుటకు మూత్రాశయములోనికి ఒక గొట్టము, మందులెక్కించుటకు మెడవద్ద పెద్ద రక్తనాళములోనికి మరియొక గొట్టము అమర్చుదురు. వీనినే కాథెటర్లందురు. విషము దిగును. ఇంటివారు ఊపిరి పీల్చుకొందురు. ఐదవనాడు చలిజ్వరము వచ్చును. ప్రాణము నిలుపుటకు పెట్టిన గొట్టము వెంబడియే క్రిములు లోనికి ప్రవేశించినవి.

ఇది అరుదైన సంగతి కాదు. 2017 మే నుండి 2018 అక్టోబరు వరకు మన దేశములోని 26 ఆసుపత్రులలో, 89 ఐ.సి.యు.లలో లెక్క తీయగా, ఆసుపత్రిలోనే సోకిన రక్తపు ఇన్ఫెక్షన్లు 2,622, మూత్రపు ఇన్ఫెక్షన్లు 737 బయటపడినవి. ప్రతిదియు గొట్టము వలననే అని చెప్పరాదు గాని, గొట్టము పెద్ద ద్వారమే.

లెక్క ఎట్లు తీయుదురు? బోధను రైతు చెరకు దిగుబడిని ఎకరమునకు ఇన్ని టన్నులని చెప్పును గాని ఉత్త టన్నులు చెప్పడు. ఇచట ఎకరమునకు బదులు గొట్టపు దినము. నర్సు ప్రతిదినము ఒకే వేళకు ఎందరికి గొట్టమున్నదో వ్రాసికొనును. పదిమందికున్నచో అవి పది దినములు. గొట్టము పెట్టి రెండు దినములు దాటిన పిమ్మట సోకినదానినే ఈ పద్దున వేయుదురు. ఒకచోట 400 దినములకు ఇద్దరికి సోకినచో వేయింటికి ఐదు. మరియొకచోట 1,000 దినములకు ముగ్గురికి సోకినచో మూడే. రోగుల సంఖ్య మాత్రమే చూచినవాడు మొదటిదే మేలనును!

ఇందొక చిక్కు కలదు. శ్రద్ధగా లెక్క వ్రాయు ఆసుపత్రికి చెడ్డపేరు, వ్రాయనిదానికి మంచిపేరు రాగలదు. కావున ఆసుపత్రి అభివృద్ధి సంఘములలో కూర్చుండు ప్రజాప్రతినిధులు సున్నను చూచి సంతోషింపక, ఎన్ని దినములు లెక్కించితిరని అడుగవలయును. నిజమైన సున్నయు సాధ్యమే. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున రక్తనాళపు గొట్టముల విషయమున ఐదు పనులు నియమముగా చేసిరి: చేతులు కడుగుట, గౌను ముసుగులు ధరించుట, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మము తుడుచుట, వీలైనంతవరకు తొడవద్ద గొట్టము పెట్టకుండుట, అక్కర తీరగానే తీసివేయుట. వేయి దినములకు 2.7గా నున్న మధ్యస్థపు రేటు మూడు నెలలలో సున్నకు దిగినదని 2006లో ప్రకటించిరి.

మనవారి చేతిలో నున్నది మూత్రపు సంచి. రోగిని కదల్చునపుడు దానిని పొట్టమీద పెట్టుట చాలమందికి అలవాటు. సంచి ఎత్తుననున్నచో అందలి మూత్రము వెనుకకు పారును. దానిని మూత్రాశయమునకు దిగువగా, నేల తాకకుండ వ్రేలాడనీయుడు. రోగిని ముట్టుటకు ముందు చేతులు కడుగుకొనుడు. ఉదయమున డాక్టరుగారు వచ్చినపుడు, "అయ్యా, ఈ గొట్టము నేడు కూడ అవసరమేనా?" అని అడుగుడు, జంకనక్కరలేదు, అది వారు ప్రతిదినము వేసికొనవలసిన ప్రశ్నయే. గొట్టమును మాత్రము మీరు లాగరాదు, తీయవలసినది ఆసుపత్రివారే.