ఉపవాసము – నిష్ఠ – ఆరోగ్యము



రాత్రింబగళ్ళు రైళ్ళు వచ్చిపోవు సికింద్రాబాదు స్టేషను చెంతనే ఉన్న మన రెజిమెంటల్ బజారులో, ఆకలి లేకున్నను తినుటకు ఏ వేళనైనను ఏదో ఒకటి దొరకును. అట్టి మనకే ఉపవాసము మిక్కిలి అవసరము.

మన పెద్దలు దశమి నాడు ఒంటిపూట భుజించి, ఏకాదశి ఉపవసించి, ద్వాదశి ఉదయమున పారణ చేసెడివారు. నేడు కొందరు 8 గంటల వ్యవధిలోనే భోజనము ముగించి, మిగిలిన 16 గంటలు కడుపునకు విశ్రాంతినిచ్చుచున్నారు. బరువు తగ్గుటకు ఇదియొక మార్గమే. కాని పగలెల్ల పస్తుండి, రాత్రి ఫలాహారమను పేర పూరీలు ఆరగించినచో ఫలమేమి?

ఒక ఏకాదశి నాడు మాలోని ఒక పెద్దాయన, ఎప్పటివలెనే చక్కెరవ్యాధి మాత్ర వేసికొని, ఏమియు తినక, దర్శనపు వరుసలో సొమ్మసిల్లెను. నోట చక్కెరనీరు పోయగా తేరుకొనెను. అంతకుముందే ఆయన నిష్ఠను మేమందరము మెచ్చుకొంటిమి. మాత్ర సంగతి ఒక్కరమును అడుగమైతిమి. ఆ దోషము మాది. అన్నము మానినను మందు తన పని మానదు గదా!

అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము సిద్ధింపదని గీత ఆరవ అధ్యాయమున భగవానుడే సెలవిచ్చెను. కనుక మధుమేహులు, గర్భిణులు, వృద్ధులు వైద్యుని అడిగియే ఉపవసింపవలెను. వారు పాలు, పండ్లు స్వీకరించినను భక్తికి లోపము రాదు. ఉపవాసమనగా భగవంతుని చెంత వసించుటయే గాని, దేహమును శిక్షించుట గాదు.

స్వస్తి.